మన ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఊరుతోంది? రక్త పరీక్ష చెప్పేది, చెప్పనిది

షుగరు వ్యాధి గురించి ఈ పత్రికలో చాలాసార్లు రాశాం. పాదాల జాగ్రత్త, సూది వేసుకునే పద్ధతి, పండుగ రోజుల్లో తిండి, ఇవన్నీ మీరు చదివినవే. ఈసారి కొంచెం లెక్కతో కూడిన సంగతి రాస్తున్నాం. లెక్క అనగానే పేజీ తిప్పేయకండి. ఈ లెక్క తెలియకపోవడం వల్లనే ఒక పెద్దాయన మా వార్డులో ఆరు రోజులు పడుకోవలసి వచ్చింది.

ఆయన రైతు. వయసు అరవై దాటింది. పదహారేళ్లుగా షుగరు ఉంది, తొమ్మిదేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నారు. కిడ్నీలు దెబ్బతిన్నాయని రెండేళ్ల కిందట తెలిసింది. కిందటి వేసవిలో టౌనులో ఒకచోట తక్కువ ధరకు బోలెడు పరీక్షలు చేస్తున్నారని విని వెళ్లి చేయించుకున్నారు. నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. అందులో ఒక చోట 'సి-పెప్టైడ్' అని, ఎదురుగా 5.2 అని, పక్కన 'ఎక్కువ' అన్న గుర్తు ఉన్నాయి. ఆ రిపోర్టు చూసిన ఊరి కుర్రవాడెవరో, "తాతా, నీ ఒంట్లో ఇన్సులిన్ కావలసినదానికంటే ఎక్కువే తయారవుతోంది. ఇంకా సూదులెందుకు పొడుచుకుంటావు?" అన్నాడట. పెద్దాయన సూది మానేశారు. పన్నెండో రోజున కోడలు ఆటోలో తీసుకొచ్చింది. షుగరు 486. నాలుక అట్ట కట్టుకుపోయింది. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నారు.

ఆ అబ్బాయిని తప్పు పట్టలేం. 'ఎక్కువ' అని అచ్చు వేసి ఉంటే ఎక్కువ అనే చదువుతారు. రిపోర్టులోని అంకె కూడా తప్పు కాదు, తర్వాత మేము చేసిన పరీక్షలో కూడా దాదాపు అంతే వచ్చింది. మరి తేడా ఎక్కడ వచ్చింది? రక్తంలో ఒక పదార్థం ఎంత ఉంది అన్నది ఒక సంగతి. అది గంటకు ఎంత తయారవుతోంది అన్నది వేరే సంగతి. మొదటిది యంత్రం చెబుతుంది. రెండోది లెక్క కట్టి తెలుసుకోవాలి.

సి-పెప్టైడ్ అంటే ఏమిటి?

కడుపు వెనుక అడ్డంగా క్లోమం అనే గ్రంథి ఉంటుంది. డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. దానిలోని బీటా కణాలు ఇన్సులిన్ తయారు చేస్తాయి. ఇన్సులిన్ ఒక ప్రొటీను. ప్రొటీన్లన్నీ అమైనో ఆమ్లాలు అనే చిన్న పూసలు గుచ్చిన దండలవంటివి. బీటా కణం ఇన్సులిన్‌ను నేరుగా తయారు చేయదు. ముందు 86 పూసల పొడుగాటి దండ ఒకటి తయారు చేసి, దాన్ని మడిచి, మధ్యలో ఉన్న ముక్కను కత్తిరిస్తుంది. మిగిలిన 51 పూసలు ఇన్సులిన్. కత్తిరించిన 31 పూసల ముక్క సి-పెప్టైడ్. నాలుగు పూసలు కత్తిరింపులో పోతాయి. టైలరు జాకెట్టు కుట్టేటప్పుడు ముందు కచ్చా కుట్టు వేసి, అసలు కుట్టు పడ్డాక ఆ దారం లాగేస్తాడు కదా, సి-పెప్టైడ్ ఆ కచ్చా కుట్టు దారం వంటిది. ఇన్సులిన్‌లోని రెండు పాయలు సరైన చోట అతుక్కునేవరకు పట్టి ఉంచుతుంది.

ఈ సంగతి కనిపెట్టింది అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో పని చేసిన డొనాల్డ్ స్టైనర్. 1967లో, క్లోమంలో వచ్చిన ఒక గడ్డ కణజాలాన్ని పరిశీలిస్తూ ఆయన ఆ పొడుగాటి దండను గుర్తించారు. అంతకు ముందే, 1960కి అటూ ఇటూగా, రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అనే ఇద్దరు న్యూయార్కులో రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టి ఉన్నారు. ఆ పనికి యాలో గారికి 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికి చనిపోయారు.

ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతి ఉండగా, తీసి పారేసిన దారపు ముక్కను కొలవడం ఎందుకని మా నర్సింగ్ విద్యార్థినులు ప్రతి ఏడాదీ అడుగుతారు. మంచి ప్రశ్నే. క్లోమం నుంచి బయలుదేరిన ఇన్సులిన్ ముందు కాలేయానికి వెళుతుంది. కాలేయం మొదటి చూపులోనే దాదాపు సగం తీసేసుకుంటుంది. మిగిలిన సగమే మనం చేతి నరంలో నుంచి తీసే రక్తంలోకి వస్తుంది. ఆ సగం కూడా ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా, ఒకే మనిషిలో భోజనానికి ముందు ఒక రకంగా, తర్వాత ఒక రకంగా మారుతుంది. పైగా రక్తంలో ఇన్సులిన్ నాలుగైదు నిమిషాలకే సగమైపోతుంది. ఇక సూది వేసుకునే వారిలో అయితే, పరీక్షలో కనిపించేది సొంత ఇన్సులినా, సీసాలోదా అని తేల్చి చెప్పడం కష్టం.

సి-పెప్టైడ్‌కు ఈ చిక్కులు లేవు. బీటా కణం ఒక ఇన్సులిన్ అణువును వదిలితే ఒక సి-పెప్టైడ్ అణువును కూడా వదులుతుంది. రెండూ జంటగానే బయటికి వస్తాయి. కాలేయం దీన్ని పట్టించుకోదు. రక్తంలో సగం కావడానికి అరగంట పైనే పడుతుంది. సీసాలో వచ్చే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. కాబట్టి రక్తంలో కనిపించే సి-పెప్టైడ్ అంతా ఆ మనిషి సొంత క్లోమం చేసినదే. పెళ్లికి ఎందరు వచ్చారో తెలియాలంటే పందిట్లో తలలు లెక్కపెట్టే కంటే, లేచిన విస్తర్లు లెక్కపెట్టడం నయం కదా, అలాగన్నమాట.

బావిలో నీరు, బావిలో ఊట

పెద్దాయనకు తెలివి వచ్చి కూర్చోగలిగాక మేము రిపోర్టు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లాం. ఆయన మొహంలో కోపం కనిపించింది. "కాయితంలో ఎక్కువ అని ఉంటే తక్కువ అంటారేంది సిస్టరమ్మా?" అన్నారు. మేము ఆయన బావి గురించి అడిగాం. "మీ బావిలో నీళ్లెన్ని ఉన్నాయి పెద్దయ్యా?" అంటే, "మూడు మట్లు" అన్నారు. "ఊట ఎంత?" అంటే, "అది నీళ్లు చూస్తే ఎట్టా తెలుస్తది? మోటారు వేసి చూడాల. మోటారు తోడతా ఉన్నా మట్టం దిగకపోతే, మోటారు ఎంత తోడిందో ఊట అంత" అన్నారు.

శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన లెక్కకు మూలం ఈ మాటే. నీటి మట్టం నిలకడగా ఉన్నప్పుడు, లోపలికి ఊరేదీ బయటికి పోయేదీ సమానం. బయటికి ఎంత పోతోందో తెలిస్తే ఎంత ఊరుతోందో తెలిసినట్లే. ఆసుపత్రిలో మేము రోజూ రాసే ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు కూడా ఇదే లెక్క.

రాత్రంతా ఏమీ తినకుండా ఉన్న మనిషిలో సి-పెప్టైడ్ మట్టం నిలకడగా ఉంటుంది. ఇక్కడ మోటారు వంటివి ముఖ్యంగా కిడ్నీలు. సి-పెప్టైడ్‌లో పెద్ద భాగాన్ని అవే తొలగిస్తాయి. కిడ్నీలు బాగున్న, మధ్యరకం ఒళ్లున్న మనిషిలో నిమిషానికి సుమారు 230 మిల్లీలీటర్ల రక్తపు తేట సి-పెప్టైడ్ లేకుండా శుభ్రపడుతుంది. మనిషి వయసును, ఒంటి పరిమాణాన్ని బట్టి ఇది కొంత మారుతుంది, లెక్క కోసం ఇదే తీసుకుందాం.

పరగడుపు రిపోర్టులో సి-పెప్టైడ్ 1 అని వచ్చిందనుకోండి. అంటే ఒక మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము. నిమిషానికి 230 మిల్లీలీటర్లు శుభ్రపడుతున్నాయి కాబట్టి నిమిషానికి 230 నానోగ్రాములు పోతున్నాయి. మట్టం నిలకడగా ఉంది కాబట్టి అంతే వస్తోంది. ఒక ఇన్సులిన్ అణువు సి-పెప్టైడ్ అణువుకు రెండింతలకు కొంచెం తక్కువ బరువు. అంటే నిమిషానికి దాదాపు 440 నానోగ్రాముల ఇన్సులిన్, గంటకు 26 మైక్రోగ్రాముల పైచిలుకు. ఒక యూనిట్ ఇన్సులిన్ సుమారు 35 మైక్రోగ్రాములు. కాబట్టి ఆ మనిషి క్లోమం గంటకు ముప్పావు యూనిట్ ఊరుస్తోంది. ఏమీ తినకపోయినా ఇరవైనాలుగు గంటలకు 18 యూనిట్లు. భోజనాల కోసం ఊరేది దీనికి అదనం. రోజూ సిరంజిలో యూనిట్లు చూసుకుని వేసుకునే వారికి ఈ అంకె కొత్తగా అనిపించదు. సీసా మీద ఉండే యూనిట్ కూడా ఇదే.

ఇప్పుడు మోటారు సగం పని చేస్తోందనుకోండి. క్లోమం మునుపటిలాగే గంటకు ముప్పావు యూనిట్ ఊరుస్తోంది, ఒక్క చుక్క ఎక్కువ లేదు. కానీ బయటికి పోయేది తగ్గింది. మట్టం పెరుగుతుంది. ఎంతవరకు? పోయేది మళ్లీ వచ్చేదానికి సమానమయ్యేవరకు. శుభ్రపడే తేట సగమైతే మట్టం రెట్టింపు కావాలి. రిపోర్టులో 1 బదులు 2 వస్తుంది. క్లోమంలో ఏ మార్పూ లేకుండానే అంకె రెట్టింపయింది.

పెద్దాయన క్రియాటినిన్ 4.1. ఆయన కిడ్నీలు ఎంత సి-పెప్టైడ్ తొలగిస్తున్నాయో ఎవరూ కొలవలేదు, మామూలుగా కొలవరు కూడా. మూడో వంతు అనుకుందాం. కిడ్నీలు బాగున్న మనిషిలో 5.2 అంటే గంటకు దాదాపు 4 యూనిట్లు, రోజుకు 95. ఆ కుర్రవాడు మనసులో అనుకున్నది అదే. మోటారు మూడో వంతుకు తగ్గితే అదే 5.2 అంటే గంటకు 1.3 యూనిట్లు, రోజుకు 32. ఆ రిపోర్టులోనే పరగడుపు షుగరు 210 అని కూడా ఉంది. షుగరు 210 ఉందంటే ఆ 32 ఆయన ఒంటికి చాలడం లేదనే అర్థం. టైపు 2 షుగరులో ఒళ్లు ఇన్సులిన్ మాట త్వరగా వినదు, అందుకని మామూలు మనిషి కంటే ఎక్కువే కావాలి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఎవరూ కలిపి చదవలేదు.

ఇంకొక సంగతి తర్వాత తెలిసింది. సూది మానేయక ముందు నెలలో ఆయనకు రెండుసార్లు చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు పడిపోయిందట. "అందుకే ఆ అబ్బాయి మాట నిజమనుకున్నా" అన్నారు. దీనికి కారణం కూడా అదే మోటారు. సూదితో వేసుకున్న ఇన్సులిన్‌ను తొలగించడంలో కిడ్నీలదే పెద్ద పాత్ర. అవి మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి కిడ్నీలు దెబ్బతిన్నవారికి తరచుగా డోసు తగ్గించవలసి వస్తుంది. ఎంత తగ్గించాలో డాక్టరు గారు షుగరు చూసి చెబుతారు. ఆయన ఆ రోజే వచ్చి ఉంటే ఆరేడు యూనిట్లు తగ్గించి ఇంటికి పంపేవాళ్లం.

భోజనం చేశాక లెక్క ఎలా?

పరగడుపు లెక్క సులువు, మట్టం నిలకడగా ఉంటుంది కాబట్టి. భోజనం చేశాక మట్టం లేస్తుంది, రెండు మూడు గంటల తర్వాత దిగుతుంది. అప్పుడు క్లోమం ఏ నిమిషంలో ఎంత ఊరించిందో చెప్పాలంటే ఎలా? ఇక్కడే గణితం అవసరం అయింది.

ఊరినది అంతా రెండు చోట్లకు పోతుంది. కొంత మట్టాన్ని పెంచుతుంది, కొంత బయటికి పోతుంది. రెండూ కలిపితే ఊరినది. ఒక మనిషి ఒంట్లో 4 లీటర్ల తేట ఉందనుకోండి. పది నిమిషాల్లో సి-పెప్టైడ్ 1.5 నుంచి 2.5కి పెరిగింది. పెరిగినది ఒకటి, లీటర్లు నాలుగు, కాబట్టి చేరినది 4 మైక్రోగ్రాములు. ఆ పది నిమిషాల్లో సగటు మట్టం 2, కాబట్టి బయటికి పోయింది 4.6 మైక్రోగ్రాములు. మొత్తం 8.6. మట్టం పెరుగుదలను మాత్రమే చూసినవారు సగానికి పైగా పోగొట్టుకుంటారు.

ఇది కూడా పూర్తి లెక్క కాదు. రక్తంలోకి వచ్చిన సి-పెప్టైడ్ అక్కడే ఉండిపోదు. కొంత కణాల మధ్యనున్న నీటిలోకి జారుకుని, నెమ్మదిగా తిరిగి వస్తుంది. బావి ఒడ్డున మట్టి నీళ్లు పీల్చుకుని, మట్టం దిగినప్పుడు తిరిగి కార్చినట్లు. అందుకని లెక్కలో ఒక తొట్టి చాలదు. గొట్టంతో కలిపిన రెండు తొట్లు కావాలి. మొదటి తొట్టి రక్తం, రెండోది కణాల మధ్య నీరు. గణితశాస్త్రంలో దీన్ని రెండు గదుల నమూనా అంటారు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఫిలిప్ ఈటన్ అనే డాక్టరు, ఆయన తోటివారు 1980లో సి-పెప్టైడ్‌కు ఈ రెండు తొట్ల లెక్క వేసి, ఇన్సులిన్ ఊరే వేగాన్ని రక్త పరీక్షల నుంచి వెనక్కి రాబట్టి చూపించారు.

ఆ తొట్ల కొలతలు, గొట్టం ఎంత లావు అన్నది ఎలా తెలుస్తాయి? తయారు చేసిన సి-పెప్టైడ్‌ను సూదితో ఎక్కించి, అది రక్తంలో ఎలా తగ్గుతుందో నిమిషాల వారీగా చూస్తారు. మొదట త్వరగా, దాదాపు 5 నిమిషాలకు సగమయ్యే వేగంతో తగ్గుతుంది. ఇది పక్క తొట్టిలోకి జారడం. తర్వాత నెమ్మదిగా, అరగంటకు పైన సగమయ్యేలా తగ్గుతుంది. ఇది ఒంట్లో నుంచి పోవడం. మొదట్లో ప్రతి మనిషికీ ఇలా విడిగా కొలవవలసి వచ్చేది. 1992లో షికాగోలో ఈవ్ వాన్ కౌటర్, కెన్నెత్ పోలోన్‌స్కీ, వారి బృందం 200 మందికి పైగా ఇలా కొలిచి, మనిషి వయసు, ఆడా మగా, ఎత్తు బరువుల నుంచి లెక్కించిన ఒంటి పరిమాణం తెలిస్తే చాలు, తొట్ల కొలతలు అంచనా వేయవచ్చని చూపారు. విడిగా కొలిచిన దానికీ ఈ అంచనాకూ తేడా సగటున 10 నుంచి 12 శాతమే వచ్చింది. నేటికీ పరిశోధకులు ఎక్కువగా వాడేది ఆ పట్టికే. అందులో ఉన్నవి కిడ్నీలు బాగున్నవారి కొలతలు. మా పెద్దాయనకు ఆ పట్టిక పనికిరాదు.

నర్సులుగా మాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఇలా వెనక్కి లెక్క కట్టేటప్పుడు చిన్న పొరపాటు పెద్దదైపోతుంది. పై ఉదాహరణలో పది నిమిషాలు అనుకున్నది నిజానికి పదిహేను అయితే, గంటకు ఎంత ఊరింది అన్నది పూర్తిగా మారిపోతుంది. కాబట్టి రక్తం ఎన్ని గంటలకు తీశామో గడియారం చూసి రాయాలి. "తొమ్మిది గంటలకు తీయమన్నారు కాబట్టి తొమ్మిది" అని రాసి, తొమ్మిదీ పన్నెండుకు తీసే అలవాటు మా పిల్లల్లో ఎంత మాన్పించినా మళ్లీ వస్తూ ఉంటుంది. ఎంత పెద్ద గణితమైనా ఆ పన్నెండు నిమిషాలను సరిచేయలేదు.

ఈ లెక్కల వల్ల తెలిసినవి

పోలోన్‌స్కీ, వాన్ కౌటర్ తదితరులు 1988లో ఇరవైనాలుగు గంటలపాటు రక్తం తీస్తూ లెక్క కట్టారు. ఆరోగ్యవంతుల్లో రోజు మొత్తం మీద ఊరే ఇన్సులిన్‌లో దాదాపు సగం, తిండితో పని లేకుండా, రాత్రింబవళ్లు సన్నగా ఊరేదే. ఒకపూట తినలేదని ఆ పూట మొత్తం సూది మానేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తినకపోయినా ఒంటికి కొంత ఇన్సులిన్ కావాలి. ఎంత, ఏ రకం అన్నది డాక్టరు గారిని ముందే అడిగి రాయించుకోండి. లావుగా ఉన్నవారిలో క్లోమం సన్నగా ఉన్నవారికంటే చాలా ఎక్కువ ఊరిస్తోందని కూడా అప్పుడే తేలింది. షుగరు రాకముందు కొన్నేళ్లు క్లోమం ఇలా ఓవర్‌టైము చేస్తూ ఉంటుంది.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో 1985లో ఇంకా తేలిక పద్ధతి ఒకటి వచ్చింది. పరగడుపు షుగరు, పరగడుపు ఇన్సులిన్ అనే రెండే అంకెలతో బీటా కణాల శక్తిని అంచనా వేస్తారు. బ్రిటన్‌లో వేలమంది షుగరు రోగులను ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో ఈ పద్ధతి వాడారు. 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం, షుగరు ఉందని తెలిసిన నాటికే బీటా కణాల శక్తి సగానికి పడిపోయి ఉంది. ఆ తర్వాత ఏటేటా ఇంకా తగ్గుతూ వచ్చింది.

దీన్ని ఎందుకు చెబుతున్నామంటే, మాత్రలతో సరిపోయిన వారికి కొన్నేళ్ల తర్వాత ఇన్సులిన్ మొదలుపెడదామంటే ఏడ్చేస్తారు. "నేను పథ్యం సరిగ్గా చేయలేదు, అందుకే ఇలా అయింది" అంటారు. ఇంట్లోవాళ్లు కూడా, "మామిడిపళ్లు తినొద్దంటే విన్నావా?" అని మంచం పక్కనే నిలబడి దెప్పుతారు. పథ్యం అవసరమే. కానీ బావిలో ఊట తగ్గడం ఈ జబ్బు స్వభావం. పథ్యం చేసినవారికీ తగ్గుతుంది. ఇన్సులిన్ రాసినప్పుడు దాన్ని శిక్షలాగా తీసుకోవద్దని మిమ్మల్ని, మీ ఇంట్లోవారిని కూడా కోరుతున్నాం.

మీకు ఈ పరీక్ష రాసినప్పుడు

రెండు తొట్ల లెక్కలు పరిశోధనల కోసం. మామూలు రోగికి అంత అవసరం ఉండదు. ఒక్క సి-పెప్టైడ్ పరీక్ష, సరైన వేళ తీసి, సరైన అంకెల పక్కన పెట్టి చూస్తే చాలు. ముఖ్యంగా ఏ రకం షుగరో తేలనప్పుడు, సన్నగా ఉన్న యువకుల్లో, ఇది బాగా ఉపయోగపడుతుంది.

సి-పెప్టైడ్‌తో పాటు అదే రక్తంలో షుగరు కూడా చూడాలి. షుగరు తక్కువగా ఉన్నప్పుడు క్లోమం తనంతట తానే ఊరించడం తగ్గిస్తుంది. అప్పుడు తక్కువ అంకె వచ్చిందని భయపడనక్కరలేదు. షుగరు ఎక్కువగా ఉండి కూడా సి-పెప్టైడ్ 0.6 కంటే తక్కువ ఉంటే, సొంత ఇన్సులిన్ బాగా అడుగంటిందని అర్థం. అటువంటివారు సూది ఒక్కరోజు కూడా మానకూడదు. మానితే ప్రాణానికే ముప్పు.

షుగరు వారాల తరబడి నాలుగైదు వందలు ఉండి ఆసుపత్రిలో చేరినవారిలో బీటా కణాలు తాత్కాలికంగా సొమ్మసిల్లి ఉంటాయి. ఆ సమయంలో వచ్చిన తక్కువ అంకెను బట్టి జీవితాంతం తీర్పు చెప్పకూడదు. షుగరు అదుపులోకి వచ్చిన కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి. చిన్నపిల్లల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. జబ్బు మొదలైన కొత్తలో కొంత ఊట మిగిలి ఉండి, సి-పెప్టైడ్ పరవాలేదనిపిస్తుంది, సూది డోసు కూడా తగ్గుతుంది. జబ్బు నయమైందని తల్లిదండ్రులు సంబరపడి సూది ఆపేస్తారు. దయచేసి ఆపకండి. ఆ ఊట కొన్ని నెలల్లో ఇంకిపోతుంది.

క్రియాటినిన్ రిపోర్టు తప్పక తెచ్చుకోండి. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చేముందే చెప్పండి, కొన్ని రకాల యంత్రాల్లో అవి అంకెను తారుమారు చేస్తాయి. సూది, మాత్రలు ఆ ఉదయం వేసుకోవాలా వద్దా అన్నది పరీక్ష రాసినవారినే అడగండి, పక్కింటివారిని కాదు. ఒక ల్యాబు రిపోర్టులో ఉన్న మామూలు హద్దులు ఇంకో ల్యాబులో ఉండవు, కాబట్టి పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు రెండు కాగితాలూ తెండి. రిపోర్టులో 'ఎక్కువ', 'తక్కువ' అన్న గుర్తులు యంత్రం వేసేవి. ఆ యంత్రానికి మీ కిడ్నీల సంగతి తెలియదు.

పెద్దాయనకు ఇన్సులిన్ మళ్లీ మొదలుపెట్టారు, మునుపటి కంటే తక్కువ డోసులో. ఇప్పుడు నెలనెలా కోడలితో వస్తున్నారు. రక్తం తీసేటప్పుడు పిల్లలు సమయం రాస్తున్నారో లేదో కూడా చూస్తున్నారట. రిపోర్టు చేతికి ఇవ్వగానే షుగరు ఎంత అని అడగరు. "మోటారు ఎట్టా ఉందమ్మా?" అంటారు. క్రియాటినిన్ ఎంతో చెబుతాం. చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో కోడలి చేత రాయించుకుని, ఆ తర్వాతే షుగరు సంగతి అడుగుతారు.